లెక్కల బలం చూసి ప్రవేశ పరీక్ష

పిల్లవాడు పన్నెండో తరగతిలో అడుగుపెట్టాడంటే ఇంట్లో కొత్త ఖర్చు మొదలవుతుంది. దరఖాస్తు ఫీజులు, పాత ప్రశ్నపత్రాల పుస్తకాలు, మాక్ టెస్టులు, కోచింగు. పక్కింటివాళ్ళు ఐదు పరీక్షలకు కట్టారంటే మనం ఆరింటికి కడతాం. ఏదో ఒకదానిలో తగలకపోతుందా అని ఆశ. అయితే ఆ ఆరు పరీక్షలూ ఒకే రకమైన లెక్కలు అడుగుతున్నాయా, మన పిల్లవాడి చేతికి ఏది సరిపోతుంది అని ఆలోచించేవారు మాత్రం తక్కువ.

నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. ఇంజనీరును కాను, లెక్కల మాస్టారును అంతకన్నా కాను. అయితే హోసూరు, బళ్ళారి, షోలాపూరు, బరంపురం శాఖల్లో పనిచేస్తూ, విద్యారుణాల బల్ల దగ్గర కూర్చుని, మనవాళ్ళ పిల్లలను చాలామందిని చూశాను. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడమో తమిళమో మరాఠీయో ఒడియానో మాట్లాడే పిల్లలు. వాళ్ళ తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న 'ఎంత అప్పు ఇస్తారు?' అని. ఏ పరీక్ష రాయించాలన్నది దానికంటే ముందే తేల్చుకోవలసిన ప్రశ్న. ఆ విషయంలో నాకు తెలిసిన నాలుగు మాటలు మన పత్రిక పాఠకులతో పంచుకుందామని ఈ వ్యాసం.

లెక్కల్లో బలం అంటే ఒక్కటి కాదు

'మావాడు లెక్కల్లో గట్టివాడండీ' అంటారు. ఏ విధంగా గట్టివాడు? నా దృష్టిలో ఈ బలం నాలుగు రకాలు.

మొదటిది చేతివేగం. సూత్రం నోటికి ఉంటుంది, లెక్క చూడగానే దారి తడుతుంది, నిమిషంలో జవాబు వస్తుంది. రెండోది లోతు. ఒక్క లెక్క మీద అరగంటైనా విసుగు లేకుండా కూర్చుని, రెండు మూడు పాఠాలను కలిపి దారి తీస్తాడు. మూడోది రాతబలం. జవాబుతో ఆగకుండా, అది ఎందుకు నిజమో మెట్టుమెట్టుగా రాసి చూపిస్తాడు. నాలుగోది నిలకడ. పాఠ్యపుస్తకంలో ఉన్నదంతా తప్పు లేకుండా చేసి, బోర్డు పరీక్షలో నూటికి తొంభైఎనిమిది తెచ్చుకుంటాడు.

నాలుగూ ఒకే పిల్లవాడిలో ఉండటం అరుదు. ఏది తక్కువైనా వాడు లెక్కల్లో బలహీనుడని అర్థం కాదు. ఒక్కొక్క ప్రవేశ పరీక్ష ఈ నాలుగింటిలో ఒకదానికి పెద్దపీట వేస్తుంది, అంతే తేడా.

ఒక ప్రశ్నకు ఎన్ని సెకన్లు?

బ్యాంకువాడికి ఏదైనా అంకెల్లో చెబితేగాని తృప్తి ఉండదు. అందుకని పరీక్ష సమయాన్ని ప్రశ్నల సంఖ్యతో భాగించి చూశాను.

కర్ణాటకలోని కామెడ్‌కె పరీక్షలో 180 నిమిషాల్లో 180 ప్రశ్నలు. అంటే ఒక్కో ప్రశ్నకు ఒక నిమిషం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల ఈఏపీసెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, వాటిలో సగం, అంటే 80, లెక్కలే. ప్రశ్నకు 67 సెకన్ల పైచిలుకు. కర్ణాటక సీఈటీలో లెక్కల పేపరు విడిగా ఉంటుంది. 80 నిమిషాల్లో 60 ప్రశ్నలు, ప్రశ్నకు 80 సెకన్లు. బిట్స్ పిలానీవారి బిట్‌శాట్‌లో 180 నిమిషాల్లో 130 ప్రశ్నలు, ప్రశ్నకు 83 సెకన్లు. మహారాష్ట్ర సీఈటీ లెక్కల పేపరులో 90 నిమిషాల్లో 50 ప్రశ్నలు, ప్రశ్నకు 108 సెకన్లు. జేఈఈ మెయిన్‌లో 2025 నుండి 180 నిమిషాల్లో 75 ప్రశ్నలు, సగటున 144 సెకన్లు.

ఇక ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వారి డిగ్రీ ప్రవేశ పరీక్షలో ఇటీవలి పద్ధతి చూడండి. ఆబ్జెక్టివ్ భాగంలో రెండు గంటలకు 30 ప్రశ్నలు, ప్రశ్నకు నాలుగు నిమిషాలు. రాతపరీక్ష భాగంలో రెండు గంటలకు 8 ప్రశ్నలు, ఒక్కోదానికి పావుగంట!

ఒక నిమిషం ఎక్కడ, పావుగంట ఎక్కడ! ఒకచోట గెలిచే పిల్లవాడు మరోచోట తడబడితే ఆశ్చర్యమేముంది? నిమిషానికి ఒకటి చొప్పున అడిగేచోట లెక్క తేలికగా ఉంటుంది, ఆగి ఆలోచిస్తే నష్టం. పావుగంట ఇచ్చేచోట లెక్క చిక్కుగా ఉంటుంది, తొందరపడితే నష్టం. జేఈఈ మెయిన్ మధ్యస్తం, వేగమూ కావాలి, లోతూ కావాలి. ఆ తరువాత వచ్చే జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో మూడేసి గంటల పేపర్లు రెండు. ప్రశ్నల పద్ధతి ఏటా మారుతుంది, ఒకే ప్రశ్నకు ఒకటికి మించి సరైన జవాబులు ఉండవచ్చు. అది లోతు ఉన్నవాళ్ళ పరీక్ష. మెయిన్‌లో పైన నిలిచిన రెండున్నర లక్షల మందికే దాన్ని రాసే అర్హత.

మార్కులు కలిపే తీరు

సమయం ఎంత ముఖ్యమో, ర్యాంకు ఎలా కడతారన్నదీ అంతే ముఖ్యం. మనం ఉన్న ఒక్కో రాష్ట్రంలో ఒక్కో తీరు.

తమిళనాడులో 2007 నుండి ఇంజనీరింగుకు రాష్ట్ర ప్రవేశ పరీక్షే లేదు. పన్నెండో తరగతి మార్కులే ఆధారం. 200కు కటాఫ్ కడతారు. లెక్కల మార్కులు నూటికి నూరూ తీసుకుంటారు, ఫిజిక్సు, కెమిస్ట్రీ మార్కులను సగం చేసి 50 చొప్పున తీసుకుంటారు. కటాఫ్‌లో సగం బరువు లెక్కలదే అన్నమాట. నిలకడ ఉన్న పిల్లలకు ఇది వరం.

కర్ణాటకలో ఇంజనీరింగు ర్యాంకుకు సీఈటీ మార్కుల శాతం సగం, పి.యు.సి. రెండో సంవత్సరంలో ఈ మూడు సబ్జెక్టుల శాతం సగం. పి.యు.సి.లో 95 శాతం, సీఈటీలో 180కి 90 వచ్చిన అమ్మాయికి 72.5 వస్తుంది. పి.యు.సి.లో 80 శాతం, సీఈటీలో 110 వచ్చిన అబ్బాయికి 70.5 దాటి కొంచెం వస్తుంది. సీఈటీలో 20 మార్కులు వెనకబడినా అమ్మాయే ముందు. సీఈటీ కోచింగు హడావుడిలో పి.యు.సి. చదువును పక్కనపెట్టేవారు ఇది గమనించాలి. కామెడ్‌కెలో మాత్రం పరీక్ష మార్కులే ర్యాంకు, పి.యు.సి. మార్కులు అర్హతకు మాత్రమే.

మహారాష్ట్ర సీఈటీలో పన్నెండో తరగతి పాఠాల బరువు సుమారు 80 శాతం, పదకొండో తరగతిది సుమారు 20 శాతం. పదకొండులో ఏ కారణం చేతనో వెనకబడి, పన్నెండులో కుదురుకున్న పిల్లలకు ఇది అనుకూలం. పైగా లెక్కల ప్రశ్నకు రెండు మార్కులు, ఫిజిక్సు, కెమిస్ట్రీ ప్రశ్నలకు ఒక్కొక్కటే. 200 మార్కుల్లో 100 లెక్కలవే. జేఈఈలో ఆ వెసులుబాటు లేదు. పదకొండో తరగతి పాఠాలైన సంకీర్ణ సంఖ్యలు, ప్రస్తారాలు, శంకువులు వంటివి అక్కడ బాగానే అడుగుతారు.

ఒడిశాలో బి.టెక్. సీట్లు ప్రధానంగా జేఈఈ మెయిన్ ర్యాంకు మీదే ఇస్తున్నారు. బరంపురం, రాయగడ ప్రాంతాల మనవారి పిల్లలకు కనుక మెయిన్ తప్పనిసరి వంటిదే. అందులో ఇద్దరికి సమానమైన స్కోరు వస్తే మొదట చూసేది లెక్కల స్కోరునే. 2013 నుండి 2016 వరకు బోర్డు మార్కులకు 40 శాతం బరువు ఉండేది, 2017 నుండి తీసేశారు. అయితే ఎన్.ఐ.టి., ఐ.ఐ.టి. సీటుకు బోర్డులో 75 శాతం, లేదా ఆ బోర్డులో పై 20 పర్సెంటైల్‌లో ఉండాలన్న షరతు ఉంది. దాన్ని మరువకూడదు.

యానాం పిల్లలకు పుదుచ్చేరి ప్రభుత్వపు సెంటాక్ ద్వారా ఇంజనీరింగు సీట్లు పన్నెండో తరగతి మార్కుల మీద ఇస్తారు. చుట్టూ ఆంధ్రప్రదేశే కనుక ఈఏపీసెట్ రాయించాలని చాలామంది అనుకుంటారు. దానికి స్థానికత షరతులు ఉన్నాయి. బయటి రాష్ట్రంలో చదివిన పిల్లలకు అందుబాటులో ఉండే సీట్లు ఎన్నో తెలుసుకున్నాకే ఫీజు కట్టడం మంచిది. ఈ మాట కర్ణాటక, తమిళనాడు మనవారికీ వర్తిస్తుంది. అలాగే తెలుగు భాషా మైనారిటీ హోదా ఉన్న కళాశాలలు తమిళనాడులో కొన్ని ఉన్నాయి. అక్కడ మాతృభాష తెలుగు అని చూపే పత్రం ఏది కావాలో ముందే విచారించుకోండి.

మా మేనకోడలి సంగతి

మా చెల్లెలు వాళ్ళది హోసూరు. దాని భర్తకు చిన్న లేత్ వర్క్‌షాపు ఉంది. వాళ్ళ అమ్మాయి పదో తరగతి వరకు లెక్కల్లో ఎప్పుడూ ముందే. పదకొండులో జేఈఈ కోచింగులో చేర్చారు. ప్రతి ఆదివారం పరీక్ష, ప్రతి సోమవారం గోడ మీద ర్యాంకుల పట్టిక. అందులో మా అమ్మాయి పేరు కిందికి జారుతూ వచ్చింది. ఆరు నెలలకు 'నాకు లెక్కలు రావు మామయ్యా' అని ఫోనులో ఏడ్చింది. ఎక్కాలు మొదలుకొని అన్నీ ఆటలా చేసిన పిల్ల నోట ఆ మాట విని నాకు మనసు చివుక్కుమంది.

వాళ్ళ నాన్నది మరో ఆలోచన. 'బావగారూ, పన్నెండు అయ్యాక ఒక ఏడాది ఆపి విజయవాడలో లాంగ్‌టర్మ్ కోచింగు పెట్టిస్తాను. వర్క్‌షాపు స్థలం మీద అప్పు దొరుకుతుందా?' అన్నాడు. ఆ స్థలం ఒక్కటే వాళ్ళ బతుకుతెరువు.

'ముందు ఒక పరీక్ష పెడదాం, తరువాత అప్పు సంగతి' అన్నాను. ఒక సెలవు రోజున జేఈఈ మెయిన్ పాత పేపరులోంచి లెక్కల ప్రశ్నలు 25 ఇచ్చి గంట టైము పెట్టాను. గంటలో 11 చేసింది, 9 ఒప్పు. భోజనం అయ్యాక మిగిలినవి ఇచ్చి 'గడియారం చూడకు' అన్నాను. సాయంత్రం దాకా కూర్చుంది. మొత్తం 25లో 21 ఒప్పు. ఆ కాగితాలను వాళ్ళ స్కూలు లెక్కల టీచరుకు చూపిస్తే, 'ఈ పిల్లకు లెక్కలు బాగా వచ్చు, గడియారమే రాదు' అన్నారు ఆవిడ.

ఆ ఒక్క మాటతో ఇంట్లో గాలి మారింది. వాళ్ళ నాన్న ఆ 21 అంకెను రెండుమూడుసార్లు చూసుకున్నాడు. లాంగ్‌టర్మ్ మాట మళ్ళీ ఎత్తలేదు. వారాంతపు పరీక్షలు మాన్పించి, బోర్డు చదువు మీద, నెమ్మదిగా లోతుగా చేసే లెక్కల మీద పెట్టాం. జేఈఈ మెయిన్ ఒకసారి రాసింది, స్కోరు సామాన్యం. స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పరీక్ష రాసింది, ఎంపిక కాలేదు. కానీ హాలులోంచి బయటికి వస్తూ 'మామయ్యా, ఈ పేపరు చేస్తుంటే సరదాగా ఉంది' అంది. రెండేళ్ళలో ఆ మాట వినడం అదే మొదటిసారి.

పన్నెండో తరగతిలో లెక్కల్లో 99, ఫిజిక్సులో 93, కెమిస్ట్రీలో 91 వచ్చాయి. మొత్తం 283. తన స్నేహితురాలికి 90, 99, 99, మొత్తం 288. కటాఫ్ కట్టి చూస్తే మా అమ్మాయికి 191, స్నేహితురాలికి 189! లెక్కల బరువు అంటే అదీ. కౌన్సెలింగులో ప్రభుత్వ ఇంజనీరింగు కళాశాలలో సీటు వచ్చింది, చదువుకుంటోంది. వర్క్‌షాపు స్థలం కాగితాలు వాళ్ళ బీరువాలోనే ఉన్నాయి.

లెక్కలనే నమ్ముకున్నవారికి

లోతు, రాతబలం ఉన్న పిల్లలకు ఇంజనీరింగు ఒక్కటే దారి కాదు. స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో బి.స్టాట్. కలకత్తాలో, బి.మ్యాథ్. బెంగుళూరులో ఉన్నాయి. చెన్నై శివారులోని సిరుసేరిలో చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. రెండు సంస్థలూ సొంత పరీక్ష పెట్టి, లెక్కలే అడుగుతాయి. ఫిజిక్సు, కెమిస్ట్రీ భయం లేదు. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ, అయినా దరఖాస్తు చేయడానికి తగిన పిల్లలు మనలో ఉన్నారు. మన ఊళ్ళలో వీటి పేర్లే చాలామందికి తెలియవు.

ప్రపంచ ప్రసిద్ధ గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావుగారు మనలాంటి కుటుంబంలోంచి వచ్చినవారే. నేటి కర్ణాటకలోని హూవిన హడగలిలో 1920 సెప్టెంబరు 10న తెలుగు ఇంట పుట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్ళి, 1941లో ఈ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లోనే శిక్షణకు చేరారు. 2023లో, నూటరెండేళ్ళ వయసులో, అంతర్జాతీయ గణాంక శాస్త్ర బహుమతి అందుకుని, అదే ఏడు ఆగస్టులో కన్నుమూశారు. బళ్ళారి వైపు మనవారు పిల్లలకు తప్పక చెప్పవలసిన కథ ఇది.

సైన్సు ఇష్టపడి, లెక్కల్లో మధ్యస్తంగా ఉన్నవారికి ఐసర్ సంస్థల పరీక్ష ఉంది. అందులో 60 ప్రశ్నల్లో 15 మాత్రమే లెక్కలు, మిగిలినవి ఫిజిక్సు, కెమిస్ట్రీ, బయాలజీ.

కామర్స్ పిల్లలను మరచిపోకూడదు, నేనూ ఆ బడివాణ్ణే కదా! సి.ఏ. ఫౌండేషన్‌లో మూడో పేపరు నూరు మార్కులు. వ్యాపార గణితం 40, లాజికల్ రీజనింగ్ 20, స్టాటిస్టిక్స్ 40. కలనగణితం అంటే బెదిరినా శాతాలు, వడ్డీలు, సగటులు చకచకా చేసే పిల్లలు ఇందులో రాణిస్తారు. చేతివేగంతోపాటు ఇంగ్లీషూ బాగుంటే, పన్నెండు కాగానే ఇండోర్ ఐ.ఐ.ఎం.లో చేరే ఐదేళ్ళ కోర్సు పరీక్ష కూడా ఉంది.

మైనస్ మార్కుల లెక్క

జేఈఈ మెయిన్‌లో ఒప్పుకు 4, తప్పుకు మైనస్ 1. బిట్‌శాట్‌లో ఒప్పుకు 3, తప్పుకు మైనస్ 1. కర్ణాటక సీఈటీ, కామెడ్‌కె, మహారాష్ట్ర సీఈటీ, ఈఏపీసెట్‌లలో మైనస్ లేదు. మైనస్ లేనిచోట ఒక్క ప్రశ్న కూడా వదలకూడదు. తెలియనివాటికీ చివరి రెండు నిమిషాల్లో ఏదో ఒకటి గుర్తుపెట్టి రావాలి.

మైనస్ ఉన్నచోట? బిట్‌శాట్‌లో కళ్ళు మూసుకుని నాలుగు ప్రశ్నలకు గుర్తు పెడితే సగటున ఒకటి ఒప్పు, మూడు తప్పు. మూడు వచ్చి మూడు పోతాయి, లాభం సున్నా. మెయిన్‌లో నాలుగు వచ్చి మూడు పోతాయి, మిగిలేది ఒకటి, అదీ అదృష్టం బాగుంటే. కాని నాలుగు జవాబుల్లో రెండు కచ్చితంగా కాదని తెలిస్తే కథ వేరు. అప్పుడు మెయిన్‌లో రెండు ప్రశ్నలకు సగటున 4 వచ్చి 1 పోతుంది, మూడు మిగులుతాయి. మెయిన్‌లో అంకె వేయవలసిన ప్రశ్నలు సబ్జెక్టుకు 5 ఉంటాయి. వాటికి ఊహ పనికిరాదు, తప్పుకు అక్కడా మైనస్ ఉంది. జాగ్రత్తపరుడైన, అనుమానం వస్తే ఆగిపోయే పిల్లవాడికి మైనస్ లేని పరీక్ష ఎంతో నయం.

ఇంట్లోనే మూడు ఆదివారాలు

పదకొండో తరగతి చివరలో మూడు ఆదివారాలు కేటాయించండి. మొదటి ఆదివారం మీ రాష్ట్ర సీఈటీ లెక్కల పేపరు, అసలు సమయంతో. రెండో ఆదివారం మెయిన్ పాత పేపరులోని 25 లెక్కలు, ముందు గంట టైముతో, మిగిలినవి టైము లేకుండా. మూడో ఆదివారం బోర్డు పద్ధతిలో మెట్లు రాసే లెక్కలు పది. పన్నెండో తరగతి పాఠాలు ఇంకా కాలేదు కనుక ఆ ప్రశ్నలు తీసేసి, అదే లెక్కన సమయం తగ్గించండి.

మొదటిది బాగా చేస్తే వేగం ఉంది. రాష్ట్ర సీఈటీ, కామెడ్‌కె, బిట్‌శాట్‌ల వైపు చూడండి. రెండోదానిలో టైముతో తక్కువ, టైము లేకుండా ఎక్కువ వస్తే లోతు ఉంది. వేగం సాధనతో కొంత పెరుగుతుంది, ఏడాది సమయం ఉంది కనుక మెయిన్ ప్రయత్నించవచ్చు, స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వంటివి చూడవచ్చు. మూడోది బాగుంటే బోర్డు మార్కులకు బరువు ఇచ్చే దారులు వాడివే. మూడూ అంతంతమాత్రమైతే కోప్పడకండి. లెక్కలు తక్కువ కావలసిన మంచి చదువులు ఎన్నో ఉన్నాయని తెలుసుకోవడమూ లాభమే. ఏమైనా ఒక ముఖ్య పరీక్ష, ఒక తోడు పరీక్ష, బోర్డు మార్కులు. ఈ మూడు చాలు, ఆరు పరీక్షలు అక్కరలేదు.

చివరగా డబ్బు సంగతి. గుర్తింపు ఉన్న కోర్సులో సీటు వచ్చాక విద్యారుణం ఇస్తాం. 4 లక్షల వరకు మార్జిన్ ఉండదు, ఏడున్నర లక్షల వరకు సాధారణంగా ఆస్తి తాకట్టు అడగం. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకం కింద, ఎంపిక చేసిన మంచి సంస్థల్లో సీటు వస్తే తాకట్టూ, హామీదారూ లేకుండానే రుణం దొరుకుతుంది. కాని ప్రవేశ పరీక్ష కోచింగుకు మామూలు విద్యారుణం వర్తించదు. అందుకే కోచింగుకు చాలామంది ఇల్లాలి బంగారం తెచ్చి తాకట్టు పెడతారు. ఆ బంగారం కౌంటరు దాటే ముందు నేను ఒక్క ప్రశ్న అడుగుతుంటాను. 'అమ్మా, మీ పిల్లవాడు ఆ పరీక్ష పేపరు ఒక్కసారైనా ఇంట్లో కూర్చుని చేశాడా?' చేసి ఉంటే, ఆ మార్కులు చూసి నిర్ణయించుకోండి. చేయకపోతే గాజులు తిరిగి చేతికి వేసుకుని, ముందు ఆ పేపరు చేయించండి. దానికి అయ్యే ఖర్చు పదో పాతికో రూపాయల జిరాక్సు మాత్రమే.